కృతజ్ఞతల పేజీ

2 ఆగస్టు 2025, లీసెస్టర్

రీమ్ పుస్తకం ప్రూఫ్ వచ్చింది. పాలస్తీనాలోని నాబ్లస్ వదిలి వచ్చి తొమ్మిదేళ్ళు. ఆడవాళ్ళని ప్రేమించడం గురించి, ఆడా మగా అంటూ గీసిన గీతల గురించి రాసిందని అన్నలు మళ్ళీ ఇంటికి రావద్దన్నారు. అయినా రాస్తూనే ఉంది.

చివరి పేజీలో "నా భార్య హైమకి" అని పెట్టింది. నా పేరు తీసి H. అని మార్చమన్నాను. మార్చింది. తిట్టినా బావుండేది.

3 ఆగస్టు

రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళయి పది నెలలు. ఇక్కడి తెలుగువాళ్ళకి మాత్రం ఆమె నా ఫ్లాట్‌మేట్. పిరికిదాన్ని. సుఖంగా ఉన్న పిరికిదాన్ని. పొద్దున నేను పోసిన పెసరట్టు మీద ఆలివ్ నూనె కుమ్మరించుకుంటే తిట్టాను. నవ్వి ఇంకొకటి పొయ్యమంది. నాకింకేం కావాలి?

6 ఆగస్టు

శాంతకుమారి ఆంటీ ఫోన్. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, సాయంత్రం పేరంటానికి రమ్మంది. నీ ఫ్లాట్‌మేట్‌ని కూడా తీసుకురా, ఒక్కతే ఏం చేస్తుంది అంది. రీమ్ అప్పుడే నా నెమలికంఠం చీర తీసి పెట్టుకుంది.

8 ఆగస్టు, సాయంత్రం ఏడున్నర, బస్సులో

ఇంటికెళ్ళే బస్సు ఒకటే కుదుపు. అయినా రాస్తాను.

ఆంటీ గిన్నెలో పసుపు కలిపి వరసగా ఒక్కొక్కరి పాదాలకీ రాస్తూ వస్తోంది. పక్కవాళ్ళు చాపారని రీమ్ కూడా కాళ్ళు చాపింది. పక్కన కూర్చున్న విమల గారు నవ్వుతూ, అది పెళ్ళయినవాళ్ళకే, నీకు బొట్టు చాలు అని ఇంగ్లీషులో చెప్పారు. రీమ్ సారీ చెప్పి పాదాలు చీర కిందకి లాక్కుంది. నా వైపు చూడనైనా లేదు. నా గుట్టు కాపాడుతోంది. అనేశాను:

"ఆమెకి పెళ్ళయింది ఆంటీ. నాతోనే. పది నెలలైంది."

విమల గారు తన ఫోన్ తీసుకుని దాంట్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆంటీ నన్ను చూసింది, రీమ్‌ని చూసింది. తర్వాత రీమ్ పాదం పట్టి ముందుకు లాగి, మడమ నుంచి వేళ్ళ దాకా పసుపు రాసింది.

"మరి నువ్వేం చూస్తున్నావే? నువ్వూ చాపు. పది నెలల నుంచి నా ఇంట్లో బొట్టుతో సరిపెట్టుకుని పోతున్నావు."

ఏడ్చాను. సిగ్గు లేకుండా, అందరి ముందూ.

9 ఆగస్టు

H. తీసెయ్యమన్నాను. నా పేరు ఇంటిపేరుతో సహా రాయమన్నాను. రీమ్ నిజంగానా అని మూడుసార్లు అడిగి ప్రూఫ్ పంపేసింది. విమల గారు నన్ను తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. పోనీ.

11 ఆగస్టు

ఆంటీ మెసేజ్: రీమ్‌కి గాజుల సైజెంత?

కొలిచాను. రెండు ఆరు.