ఎక్కని ఓడ

డిసెంబర్ 3, ఉదయం

ఓడ ఈపాటికి రేవు వదిలి ఉంటుంది. మేము ఆసుపత్రిలో ఉన్నాం. బట్టలు సర్దుకునే హడావిడిలో చెల్లి నిన్న బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది.

ప్రార్థనకు కూర్చున్నాను. మాటలు రాలేదు. ఊరికే కూర్చున్నాను.

డిసెంబర్ 4

ఆపరేషన్ చేసి తుంటికి ప్లేటు వేశారు. నడక సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు.

డిసెంబర్ 6

బ్లాగు మాటే మరిచిపోయాను.

ఏడాదిగా రాస్తున్నది ఈ ప్రయాణం గురించే. ఏ చెప్పులు కొన్నాం, మెట్లెక్కడం ఎలా ప్రాక్టీసు చేస్తున్నాం, చెల్లి ఎన్నిసార్లు పెట్టె సర్ది మళ్ళీ విప్పింది. సముద్రం మీద నెట్ ఉండదన్నారు. ఏ పనైనా ముందే చేసిపెట్టుకునే బుద్ధి నాది. ఓడలో రాయాల్సినవి ఇంట్లోనే రాసి, రోజుకొకటి వెళ్ళేలా షెడ్యూల్ చేశాను.

వెళ్ళాయి. రోజుకొకటి.

సూర్యోదయం కళ్ళకు కట్టినట్టుందని కామెంట్లు. ఆ వేళకి నేను ఆసుపత్రి వరండాలో చెల్లి చీర మడతపెడుతున్నాను.

మరిదికి, చెల్లి భర్తకి, చూపించాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వదినగారూ మీ పని, అన్నాడు. పాపం, చెల్లి పడ్డాక అతను నవ్వడం ఇదే మొదలు.

డిసెంబర్ 7

డిలీట్ చేద్దామని ఫోన్ తీశాను. చెల్లి నా చేయి పట్టుకుంది. అన్నీ చదివేసిందట. నిన్నటి పోస్టులో తను డెక్కు మీద చకచకా నడిచిపోతుంటే, ఆగవే అని నేను వెనక నుంచి అరుస్తుంటాను.

ఇక్కడ ఎలాగూ నడవట్లేదు, అక్కడైనా నడవనీ అక్కా, అంది. నవ్వుతూనే అంది.

మంచినీళ్ళ వంకతో బయటికొచ్చాను.

డిసెంబర్ 8

తీసెయ్యలేదు. రాసినప్పుడు అబద్ధం కాదు. ఇప్పుడేమిటో తెలియడం లేదు.

డిసెంబర్ 9, మధ్యాహ్నం

ఒకావిడ రాసింది. మా బ్లాగు చదివి, ఏళ్ళ తరబడి మాటల్లేని అక్కకు ఫోన్ చేసిందట. అదే ఓడకు ఇద్దరూ టికెట్లు కొన్నారట. అక్కకు మోకాళ్ళ నొప్పులు, ఓడలో మెట్లు నిటారుగా ఉంటాయా అని అడిగింది.

ఆ మెట్లు నేనెక్కడ చూశాను?

చెల్లికి చెప్పాను. వాళ్ళక్క పడితే నువ్వు తట్టుకోలేవక్కా, చెప్పెయ్, అంది. నా నడక మాత్రం ఉంచు, అని కూడా అంది.

డిసెంబర్ 11

చివరి పోస్టు పెట్టాను. మేము ఓడ ఎక్కలేదు. ఓడలో జరిగినట్టు రాసినవన్నీ ముందుగా ఊహించి రాసినవి. మెట్ల సంగతి ఓడవాళ్ళనే అడగండి. చెల్లి నడిచిన పోస్టు మాత్రం తీయను. ఇంతటితో బ్లాగు ఆపేస్తున్నాను.

తప్పు దిద్దానో, సగమే దిద్దానో. దేవుణ్ణి అడిగాను. ఆయన నాకంటే తక్కువ మాట్లాడతాడు.

డిసెంబర్ 14

వాకరిచ్చి చెల్లిని నిలబెట్టారు. వాకరు వదిలి నా భుజం పట్టుకుంది. అక్కా, నేల ఊగుతోందే, అంది.

నాకూ ఊగింది.