ఏడుపు సీనుకు ముందు అమ్మ చెప్పిన మాట

బర్బాంక్,
శుక్రవారం.

ఎర్లీన్ అక్కకు, తమ్ముడు బడ్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ నా కుంటి మోకాలూ క్షేమమే. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తానని రాద్దామంటే, ఆ అవకాశం లేకుండా చేశావు.

ఏమిటక్కా ఆ ఉత్తరం! ఫ్రెస్నోలో ఎండలు ముదిరాయి, టమోటాలు విరగకాశాయి, సోమవారం నా గుండె కోస్తారు అని ఒకే వరసన రాస్తావా? మూడుసార్లు చదివాను. కాఫీ ఒలికి చొక్కా తడిసినా తెలియలేదు. 

నీ ప్రశ్నలకు జవాబులు. మందులు వేసుకుంటున్నాను. సినిమాలు మానలేదు, కెమెరా ముందుకొచ్చి అరవై తొమ్మిదేళ్లయింది. ఈసారి భార్యను పూడ్చిపెట్టే ముసలివాడి వేషం. "అంత సులువుగా ఎలా ఏడుస్తావురా, ఉల్లిపాయ దాస్తావా?" అని మళ్లీ అడిగావు. ఎప్పుడూ నవ్వి దాటేసేవాణ్ణి.

నిన్న ఆ సమాధి సీను తీశారు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. నాలుగుసార్లు తీసినా కంట్లోంచి చుక్క రాలేదు.

"రెండు నిమిషాల్లో ఏడ్చేస్తారని మీకు పేరు కదండీ, ఇవాళేమైంది?" అంది డైరెక్టరమ్మ మారిసోల్.

"పెద్దాయన కుళాయికి నీళ్లు బంద్," అంది మేకప్ చేసే డోలోరెస్. ముప్పై ఏళ్ల పరిచయం, దాని నోటికి అడ్డేముంది? "కన్నీళ్లొచ్చే చుక్కల మందు వెయ్యనా?"

వేయించుకున్నానక్కా, జీవితంలో మొదటిసారి. సిగ్గుతో చచ్చాను.

ఇంక దాచలేను. నా మొదటి సినిమాకి నాకు ఏడేళ్లు. ఎంతకీ ఏడుపు రాకపోతే, వేరే పిల్లాణ్ణి పిలిపిస్తానన్నాడు డైరెక్టరు. అమ్మ నన్ను లైట్ల వెనక్కి లాక్కెళ్లి, "ఎర్లీన్ లారీ కింద పడిందిరా. పోయింది," అని చెప్పి కెమెరా వైపు తోసింది. సీను అయ్యాక ఐస్‌క్రీం కొనిపెట్టి, "ఉత్తదేరా పిచ్చివాడా," అంది. నేను నమ్మలేదు. ఇంటికి రాగానే నీ జడ పట్టుకుని లాగాను. నువ్వు కెవ్వుమని నా చెంప పగలగొట్టావు. తర్వాత వచ్చిన ఏ బహుమతికీ నాకంత సంతోషం కలగలేదు.

ఆనాటి నుంచి ప్రతి ఏడుపుకీ ఆ మాటే వాడుకున్నాను. సినిమాలో భార్య పోయినా, కొడుకు పోయినా, ఆఖరికి గుర్రం పోయినా, నా లోపల పోయేది నువ్వే. అమ్మ ఒక్కసారే అంది. మానకుండా చంపుతూ వచ్చింది నేను. క్షమించు.

నిన్న కూడా ఆ మాటే తలుచుకోబోయాను. మనసు రానివ్వలేదు. అనుకుంటే నిజమైపోతుందేమోనని భయమేసింది.

సోమవారం షూటింగుకి రానని చెప్పేశాను. "మిగతా సీన్ల సంగతేమిటండీ?" అంది మారిసోల్. "సినిమాలోంచి నన్నే తీసెయ్యి తల్లీ," అన్నాను.

తపాలాలో వేస్తే ఇది వేళకు అందదు. ఆదివారం నేనే తెచ్చి నీ చేతికిస్తాను. ముఖాముఖీ చెప్పే ధైర్యం లేక రాశాను. నా ఎదుట మాత్రం చదవకు.

నువ్వు పోతే ఎలా ఉండాలో అరవై తొమ్మిదేళ్లు సాధన చేశాను. అదేదీ పనికిరాదని నిన్న తెలిసింది. పోవద్దక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు,
బడ్