అత్తయ్యా, నేనూ, ఆ ఏడుగురూ

జూన్ 1, ఉదయం 5:10
లేచాను! అలారం కంటే ముందే.
పద్దెనిమిదేళ్లుగా పత్రికలో అచ్చుతప్పులు దిద్దుతున్నాను. విదేశీ వార్తల పేజీ చూసే పెద్దాయన ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. చైనా రాజకీయాల మీద పట్టు సంపాదిస్తే ఆ పేజీ నాకే ఇస్తానని ఎడిటర్ మేడమ్ నిన్న పిలిచి చెప్పారు. ముప్పయ్యో తారీఖున ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారట.
ప్రణాళిక: రోజూ పొద్దున ఐదు నుంచి ఏడు దాకా. మొదటి పది రోజులు పార్టీ, ప్రభుత్వం. తర్వాతి పది పొరుగుదేశాలు. చివరి పది అమెరికా, వ్యాపారం, సముద్రాలు.
లైబ్రరీ పుస్తకం ఆరువందల నలభై పేజీలు. రోజుకి ఇరవై రెండు. అదో లెక్కా!

జూన్ 2, సాయంత్రం
ఇరవై ఆరు పేజీలు! అక్కడ ప్రభుత్వం కంటే కమ్యూనిస్టు పార్టీ పెద్దది. దేశాధ్యక్షుడి కంటే పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికే బలమెక్కువ. పార్టీలో కేంద్ర కమిటీ, అందులో పొలిట్‌బ్యూరో, అందులో స్థాయీ సంఘం. ఇప్పుడు ఏడుగురు. ఆఫీసులో పేజీలు పెట్టే అతనికి ఇదంతా బొమ్మ గీసి వివరించాను. సగంలోనే టీకి వెళ్లిపోయాడు.

జూన్ 5
ఆరు పేజీలు. మావారు బస్సు డిపోలో మెకానిక్. ఈ వారం పొద్దుటి షిఫ్టు. ఐదున్నరకే బాక్సు కట్టాలి. పార్టీ మహాసభ ఐదేళ్లకోసారి అని చదువుతుండగా పాలు పొంగాయి.

జూన్ 9
చదవలేదు. కారణాలు:
తలనొప్పి.
పచ్చ పెన్ను కనబడలేదు.
ఆ పేర్లు. వాళ్లకీ మనలాగే ఇంటిపేరే ముందట. అది తెలియక ఒకే మనిషిని రెండు రోజులు ఇద్దరనుకున్నాను.

జూన్ 13, 6:15
కొత్త పద్ధతి! నిద్ర రాకుండా పైకి చదవడం. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య ఎలాగూ నాలుగున్నరకే లేస్తారు. బఠాణీలు ఒలుస్తూ విన్నారు. చైనాకి పద్నాలుగు దేశాలతో భూసరిహద్దు. పుస్తకం మూసి చూస్తే నాకు తొమ్మిది వచ్చాయి. ఆవిడకి పదకొండు.

జూన్ 17
ఆరున్నరకి లేచాను. పుస్తకం అత్తయ్య ఒళ్లో ఉంది. భూతద్దం పట్టుకుని రెండువందల పన్నెండో పేజీలో ఉన్నారు. నేను నూట ముప్పైలో. నన్ను వంట చూసుకోమన్నారు, తను చదివి చెబుతారట. పని పంచుకోవడం కూడా ఒక పద్ధతే కదా.

జూన్ 21
దక్షిణ చైనా సముద్రంలో ఏ దీవి కోసం ఎవరెవరు తగవులాడుతున్నారో అత్తయ్య చెబుతుంటే కునుకు తీశాను.

జూన్ 24
కూర తరుగుతుంటే అత్తయ్య వచ్చి నిలబడ్డారు.
"అమ్మాయ్, ఆ ఏడుగురి సంఘంలోకి ఇన్నేళ్లలో ఒక్క ఆడమనిషీ రాలేదట. ఎందుకంటావ్?"
చూసి చెబుతానన్నాను. చూడలేదు.

జూన్ 29
నావి ఇంకా ఐదువందల పేజీలు. అత్తయ్యవి డెబ్బై.

జూన్ 30, సాయంత్రం
అయిపోయింది.
పొరుగుదేశాల్లో రోడ్లు, ఓడరేవులు కట్టి చైనా ఆశించేదేమిటని మేడమ్ అడిగారు. ఆ పేజీల దాకా నేను రానేలేదు. సైన్యానికీ పార్టీకీ ఉన్న సంబంధం అడిగారు. బొమ్మ గీయబోయి ఆగిపోయాను. ఏదో ఒకటి అనాలని, ఆ ఏడుగురిలోకి ఆడవాళ్లెందుకు రాలేదో నాకు అర్థం కాలేదన్నాను. మేడమ్ కళ్లజోడు తీశారు. మంచి ప్రశ్న అన్నారు, ఎలా తట్టిందన్నారు.
ఒక్క అబద్ధం ఆడితే పేజీ నాదే.
"నాది కాదండీ, మా అత్తగారిది. పుస్తకం నాకంటే ఆవిడే ఎక్కువ చదివారు."
పేజీని మూడు నెలలపాటు, క్రీడల పేజీ చూసే అతనికి ఇచ్చారు. నేను లేచి తలుపు దాకా వెళ్లాక మేడమ్ అన్నారు: "మూడు నెలలయ్యాక మళ్లీ అడుగుతాను. ఆ ప్రశ్నకి జవాబు రాసుకురండి. ఈసారి మీరే చదవండి."
బస్సులో ఏడుపొచ్చింది. ఇంట్లో అత్తయ్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ఏమేం అడిగారో చెప్పించుకుని, మోకాళ్లకి కాపడం పెట్టుకుంటూ రెండింటికీ జవాబు చెప్పారు. సైన్యం పార్టీ కింద ఉంటుందట.

జూలై 1, ఉదయం 5:00
లేచాను! అత్తయ్య లేపారు. కొత్త ప్రణాళిక ఆవిడదే. మొదటి పేజీ నుంచి, రోజుకి పది. చదివింది తిరిగి అప్పజెప్పేదాకా కాఫీ లేదు.
5:50. కాఫీ ఇంకా రాలేదు.