తెర వెనక కుళాయి

పరమ పూజ్యులైన శిక్షణ గది అధిపతి ఈపెన్ సార్ దివ్యసముఖానికి,

కాన్పయ్యాక రక్తస్రావం ఆపడం నేర్పే మన బొమ్మ బాలింతకు తెర వెనక నుంచి ఎర్రనీళ్ల రక్తం వదిలే హౌస్ సర్జన్‌ను రాస్తున్నాను. కుళాయి మీద మూడు గీతలున్నాయి, గీత పెరిగేకొద్దీ ధార పెరుగుతుంది. "ఒకటో గీత దాటించకు మోనే, నా బిడ్డా, పిల్లలు ఫెయిలైతే పోయేది నా పరువు. నిమిషం కాగానే కట్టెయ్" అన్నారు మీరు. కట్టేశాను. నర్సింగ్ పిల్లలు పొత్తికడుపు నొక్కినా, నోరు తెరుచుకుని నిలబడినా ఎర్రనీళ్లు ఆగిపోయేవి. ఏడాదిలో మన బొమ్మ ఒక్కసారీ చావలేదు. అంతటి ఆయుష్షు కొట్టాయంలో ఇంకెవరికీ లేదు.

మంగళవారం కాన్పుల గదిలో నిజం బాలింతకు రక్తం ధారకట్టింది. మీరు నూటికి తొంభై ఎనిమిది వేసిన లిన్సీ కదలకుండా నిలబడి తెర వైపు చూసింది. తెర అవతల ఇంకొకావిడ నొప్పులు పడుతోంది, అంతే.

థ్రేసియా సిస్టర్ ఆమెను పక్కకు తోసింది. "ఎవరికోసమే ఆ చూపులు? కుళాయి కట్టడానికి పైనుంచి ప్రభువు దిగొస్తాడా?" అని అరుస్తూ పొత్తికడుపు పిసికి రక్తం ఆపింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించాక ఆ తల్లి బతికింది.

లిన్సీది నిర్లక్ష్యమనీ, ఆమెను తీసెయ్యాలనీ మీరు నివేదిక రాశారు. అందులో కుళాయి మాటే లేదు. అది చేర్చి మళ్లీ రాయండి.

రాయకపోయినా మించిపోయింది లేదు. రేపు తనిఖీవాళ్ల ముందు బొమ్మకు వైద్యం మీరే చేసి చూపిస్తారట. కుళాయి దగ్గర నేనే ఉంటాను, మూడో గీత మీద. మీ చెయ్యి పడాల్సిన చోట పడేదాకా కట్టను.

తెర వైపు మాత్రం చూడకండి సార్.

ఇట్లు,
తమరు నేర్పినంతే నేర్చుకున్నవాడు