మూడో దీవికి వెళ్ళలేదు

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. మీరు బాగున్నారనీ, మీ ఫ్యాక్టరీ బాయిలరు కూడా బాగుందనీ తలుస్తాను. అది బాగుంటేనే కదా మీరు వేళకి తిని పడుకునేది.

నేను దీవుల నుంచి వచ్చి తలుపు తోసేసరికి మీ ఉత్తరం గుమ్మం లోపల పడి ఉంది. మీరు అడిగినవాటికి మీరు అడిగిన వరసలోనే జవాబులు రాస్తున్నాను. ఆఖరి ప్రశ్న 'ఆ పిల్లని తీసుకొచ్చావా?' అని కదా. దాని జవాబు కూడా ఆఖర్లోనే ఉంటుంది. కాగితం తిరగేసి ముందే చూడకండి. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు గానీ, దాని తరఫున మాట ఎత్తగానే మీరు ఫోను పెట్టేస్తారు. ఉత్తరానికి ఆ సదుపాయం లేదు.

అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. నేను లేనప్పుడు పక్కింటావిడ వచ్చి తోడు పడుకుంది. ఇద్దరూ కలిసి టీవీ ముందు నుంచి లేస్తే ఒట్టు. నన్ను చూసి అత్తయ్య, "అప్పుడే వచ్చేశావేం, ఇంకో రెండ్రోజులు ఉండకపోయావా" అన్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. వంటింటి కొళాయికి వాషరు మార్పించాను. పాతది పారేయలేదు, మీరొచ్చి చూసి "ఇంకా పనికొచ్చేదే" అంటారని డబ్బాలో వేసి ఉంచాను.

మా ముఠా ఎలా ఉందని అడిగారు. హాస్టల్లో ఒకే గదిలో పడి ఉన్న నలుగురం ఇన్నేళ్ళకి ఒక పడవెక్కాం. బఠాణీ ఇప్పుడు బఠాణీలా లేదు, బస్తాలా ఉంది. ఈ మాట నాది కాదు, టీచరమ్మది. టీచరమ్మ నోరు ఏమీ మారలేదు. నర్సు మాత్రం పడవలో కూడా అందరి నాడీ చూస్తూనే ఉంది. రెండు దీవులు చూశాం, పగడపు దిబ్బల దగ్గర నీళ్ళల్లోకి దిగాం. మీరు భయపడకండి. ఈత రానివాళ్ళకి తేలే జాకెట్టు తొడుగుతారు. మొహానికి అద్దం, నోట్లో గొట్టం. బోర్లా పడుకుని కిందికి చూడటమే పని.

మొదట్లో నాకు నా ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. గొట్టంలోంచి అది అచ్చం మీ గురకలాగే ఉంది. దాంతో ధైర్యమొచ్చింది. తర్వాత చూద్దును కదా, నా కిందుగా ఇస్త్రీ చేసిన చారల చొక్కాలు తొడుక్కున్నట్టు ఒక చేపల గుంపు వెళుతోంది. ఎవరికీ తొందర లేదు. ఒకటి నా చేతి గాజు దగ్గరికి వచ్చి, చూసి, నచ్చనట్టు వెళ్ళిపోయింది. పైకి లేచి బఠాణీకి చెబుదామని నోరు తెరిచాను, గొట్టం ఊడి ఉప్పునీళ్ళు మింగాను. ఇంత వయసొచ్చి ఇంత గట్టిగా నవ్వడం నాకు గుర్తులేదు.

ఇక ఆఖరి ప్రశ్న.

మీరు బట్టీ పట్టించి పంపిన మాటలన్నీ నేను మరిచిపోలేదు. బ్యాంకు మేనేజరు ఈ నెలాఖరులోగా వస్తే మళ్ళీ చేర్చుకుంటానన్నాడనీ, ఆ తర్వాత బతిమాలినా దొరకదనీ, చదువంతా నీళ్ళపాలు చేసుకోవద్దనీ చెప్పమన్నారు. దాని ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసి సంచీలో అడుగున పెట్టుకున్నాను. తిరుగు బస్సుకి కిటికీ పక్క సీటొకటి, దాని పక్కది ఒకటి తీయించాను. దాని పడవే మాట్లాడమని ముఠాకి చెప్పిందీ నేనే. ఆ ఉద్యోగం వదిలి పడవల మీద గైడుగా చేరిన రోజు నుంచీ అది మీకు 'ఆ పిల్ల' అయింది. అంతకుముందు మీ నోట అది గడుగ్గాయి. నేనిక్కడ గడుగ్గాయి అనే రాస్తాను, ఓర్చుకోండి.

రేవులో నన్ను చూసి అది ఒక్క క్షణం ఆగింది. కావలించుకుంటుందేమో అనుకున్నాను. "అమ్మా, దిగేదాకా నువ్వు ప్యాసింజరువి. చెప్పులు విప్పి ఆ బుట్టలో వెయ్యి" అంది. బఠాణీ, "కన్నతల్లితో మాట్లాడే తీరేనా అది?" అంటే, "నువ్వు కూడా పిన్నీ. బుట్టలో" అంది.

నీళ్ళల్లోకి దించే ముందు అది ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. జాకెట్టు పట్టీని చేత్తో తాకి, "పట్టీ బిగించాను" అని పైకి అంది. తర్వాత బకిలు తాకి, "బకిలు పడింది" అంది. ఆపైన గొట్టం తాకింది. మనం కూడా తాకి, మన నోటితో మనం చెప్పేదాకా కదలదు. టీచరమ్మ ఊరుకుంటుందా? "బళ్ళో నా పిల్లల్ని కూడా ఇంత సతాయించలేదే. ఎవరి చాదస్తమే ఇది?" అంది.

"మా నాన్నది" అంది గడుగ్గాయి, తల ఎత్తకుండానే.

ఊరికి బయల్దేరినప్పుడల్లా మీరు స్టవ్వు దగ్గరికి వెళ్ళి చేత్తో తాకి "గ్యాసు కట్టేశాను" అనీ, తలుపు దగ్గర "తాళం వేశాను" అనీ పైకి అంటుంటే, అది మీ వెనకాల నిలబడి వెక్కిరించేది గుర్తుందా? ఆ వెక్కిరింతే ఇప్పుడు దాని పని పద్ధతి. బఠాణీ జాకెట్టుకి బకిలు పడనే లేదు. పడిందనుకుని నోటితో మాత్రం అనేసింది. "చేత్తో తాకి చెప్పు పిన్నీ" అని గడుగ్గాయి దాన్ని నిలబెట్టి, మళ్ళీ బిగించి, మళ్ళీ చెప్పించింది.

రెండో దీవిలో భోజనాలయ్యాయి. మూడో దీవి అన్నిటికంటే బాగుంటుందట, ఇసుక పిండిలా ఉంటుందట. బఠాణీ అక్కడ ఫొటోలకోసమని వేరే చీర కూడా తెచ్చుకుంది. గడుగ్గాయి ఒడ్డున నిలబడి చాలాసేపు దూరంగా చూసింది. పడవ నడిపే పెద్దాయనతో ఏదో మాట్లాడింది. వచ్చి, "మూడో దీవికి వెళ్ళడం లేదు. గాలి తిరుగుతోంది. వెనక్కి వెళుతున్నాం" అంది.

ఆకాశం చూస్తే కడిగిన కంచంలా ఉంది.

అప్పుడు ముందుగా లేచిందెవరనుకున్నారు? నేనే. "అదేమిటి? మూడు దీవులకని తీసుకుని రెండే చూపిస్తారా? మిగతాది వెనక్కిచ్చేస్తారా?" అని అడిగాను. నా సంగతి మీకు తెలుసుగా, కూరగాయల వాడి దగ్గర కూడా కొసరు వదలను. అడిగాక గానీ తెలియలేదు, నేను దబాయిస్తున్నది నా కూతుర్నని.

"ఆఫీసులో అడగండమ్మా, ఇస్తారు" అంది. 'అండి' అంది నన్ను!

నా వెనకాల మిగతావాళ్ళూ లేచారు. మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఒకాయన, "గాలి ఎక్కడుందమ్మాయ్? నీకు తొందరగా ఇంటికెళ్ళాలని ఉన్నట్టుంది" అన్నాడు. టీచరమ్మ అతని వైపు తిరగబోతే నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. గడుగ్గాయి గొంతు పెంచలేదు. "మీరు కోప్పడొచ్చు. పడవ మాత్రం అటు వెళ్ళదు" అని, అందరి పట్టీలూ మళ్ళీ తాకుతూ వచ్చింది, ఆయనదీ తాకింది.

నేను ఆ దారి పొడుగునా మనసులో ఏం కోరుకున్నానో చెప్పనా? గాలి రావాలని. పెద్ద గాలి వచ్చి, వాన కొట్టి, ఆ కెమెరా ఆయన నోరు మూతపడాలని. రాలేదండీ. చెట్టు ఆకు కదల్లేదు. రేవులో దిగేటప్పుడు కూడా ఎండ మాడ్చేస్తోంది. మూడో దీవికి వెళ్ళిన ఇంకో పడవ కూడా మా వెనకాలే నవ్వుకుంటూ వచ్చి ఆగింది. కెమెరా ఆయన దాన్ని చూపించి, "ఏమైందమ్మా గాలి? ఏమీ కాలేదే!" అన్నాడు అందరికీ వినపడేలా.

గడుగ్గాయి తాడు కడుతూ, "ఏమీ కాకపోవడానికే నాకు జీతమిస్తున్నారండీ" అంది.

నేను మెట్టు మీదే నిలబడిపోయాను. ఈ మాట మీకు గుర్తొచ్చిందా? ప్రెషరు ముల్లు కదలిక నచ్చలేదని మీరు బాయిలరు ఆపేసిన రోజు. విప్పి చూస్తే ఏ లోపమూ లేదు. మీ మేనేజరు పదిమందిలో కేకలేశాడు. మీరు ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, రోజూలాగే తిన్నారు. "అవమానంగా లేదా?" అని నేనంటే ఇదే మాట అన్నారు. అది పక్కనే నేల మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. విందని మనమెవరమూ అనుకోలేదు.

సాయంత్రం దాని గదికి వెళ్ళాను. వలలు దాచే కొట్టు మీద ఒకటే గది. గోడ మీద సుద్దతో సముద్రపు పోటూ పాటూ వేళలు రాసుకుంది. కిటికీకి కట్టిన తాడు మీద నీళ్ళల్లో మొహానికి తొడిగే అద్దాలు కడిగి వరసగా ఆరేసి ఉన్నాయి, మనింట్లో నేను గరిటెలు తగిలించినట్టు. అప్పుడు కావలించుకుంది. ఉప్పు వాసన. టీ పెట్టింది. అంతా అయ్యాక, "నాన్న గురక తగ్గిందా?" అని అడిగింది.

నేను సంచీ తెరిచి బట్టలు బయటపెట్టాను. మీ మాటలన్నీ, ఒక్కటి పొల్లుపోకుండా చెప్పాను. బ్యాంకు మేనేజరు మాటా చెప్పాను, నెలాఖరు గడువూ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నది. ఆ చొక్కా మడత మీద చెయ్యి వేసి, "ఇది నాన్న మాట. నీ మాటేంటమ్మా?" అంది.

ఇన్నేళ్ళలో నాకు వేరే మాట ఉంటుందని ఎవరూ అడగలేదు. నేనూ అనుకోలేదు. నోరు తెరిచేదాకా ఏమంటానో నాకే తెలియదు.

"ఇక్కడే ఉండు" అన్నాను.

అదండీ మీ ప్రశ్నకి జవాబు. తీసుకురాలేదు. అది రానన్నందుకు కాదు, నేను వద్దన్నందుకు. తీసుకురమ్మని మీరు పంపిన మనిషే ఉండిపొమ్మని చెప్పి వచ్చింది. మీకు కోపం వస్తుంది, రానివ్వండి. ఆ కోపం నా మీదే పెట్టుకోండి, దాని మీద వద్దు. అది మిమ్మల్ని కాదని వెళ్ళిపోయిందని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కాదు. మీ చెయ్యి, మీ నోరు, మీ మొండితనం మొత్తం మూటగట్టుకుని వెళ్ళింది. మీరు బాయిలరుకి కాపలా, అది పడవకి. అంతే తేడా.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీగానే వచ్చింది. దాని మీద నా తడి సంచీ పెట్టుకున్నాను. కండక్టరు వచ్చి, "ఈ సీటు ఎవరిదమ్మా? మనిషేరీ?" అన్నాడు. ఇంటికి ఎవరొచ్చి మీ గురించి అడిగినా నేనేమంటానో మీకు తెలుసు. అదే అన్నాను. బస్సులో అందరికీ వినపడేలా అన్నాను.

"మా అమ్మాయిదండీ. డ్యూటీలో ఉంది."

ఈసారి సెలవు దొరికినప్పుడు నేరుగా ఇంటికి రాకండి. రేవుకి రండి, నేనూ అక్కడికే వస్తాను. మీకు ఈత రాదని మీ కూతురికి తెలుసు, ఇంజను పక్కన సీటు మీకోసం చూసిపెట్టింది. ఆ ఇంజను చప్పుడులో ఏదో తేడా ఉందట, మీరైతే విని చెబుతారట. చెప్పులు మాత్రం బుట్టలో వెయ్యాలి. పట్టీ తాకి పైకి చెప్పాలి. ఆ రోజు గాలి బాగుంటే మూడో దీవి కూడా చూద్దాం. బాగుందో లేదో అదే చెబుతుంది.

ఇట్లు,
మీ గడుగ్గాయి వాళ్ళమ్మ