ముందుమాట లేని పుస్తకం

సాంబయ్యా, బాగున్నావా? ఉత్తరం ఆలస్యమైంది, ఏమనుకోకు. భద్రాచలం సంతలో ఉప్పు, ఎండుచేపలు అమ్మే నేను రచయితనయ్యాను! నా కథల పుస్తకాన్ని నిన్న ఖమ్మంలో ఆవిష్కరించారు.

ముఖ్య అతిథి వేదిక మీదే మొదటిసారి పుస్తకం తెరిచాడు. "ముందుమాట ఏదయ్యా? ఇప్పుడు నేనేం మాట్లాడాలె?" అని నా చెవిలో గొణిగాడు. ఈ పెద్దమనుషులు చదివేది ఆ రెండు పేజీలే. కథలు చదవడం నామోషీ.

"రాస్తనన్న దోస్తు మొన్నటి వానల్ల పోయిండు సార్."

"నన్నడగకపోయినవా?"

"మీరైతే కథలు సదవాల్సొస్తది సార్. మీకెందుకు తిప్పలు?"

ముఖం మాడ్చుకున్నాడు. తన సన్మానాల గురించే మాట్లాడి, శాలువా కప్పించుకుని పోయాడు.

ప్రెస్సువాడు కాగితం దండగన్నా వినకుండా, నీ రెండు పేజీలు ఖాళీగానే ఉంచాను. నేనొచ్చేలోగా రాసిపెట్టు. ఎప్పుడు కలుద్దాం?