పరిపూర్ణానికి ముప్పై ఎక్కువ

చిరంజీవి అమ్మాయికి,
బోర్డులు రాసే మీ బాబాయి దీవించి రాసేది. "నీకు కూడిక కూడా రాదు" అని మీ నాన్న నలుగురిలో అన్నాడని, లెక్కల్లో గెలిచేదాకా మీ గడప తొక్కనని శపథం పట్టాను కదా. పదేళ్లకి గెలిచాను! ఆరుని శేషం లేకుండా భాగించే, దానికన్నా చిన్న సంఖ్యలు 1, 2, 3. కలిపితే మళ్లీ ఆరే. అది పరిపూర్ణ సంఖ్య. అలాంటి బేసి సంఖ్య ఇంతవరకూ ఎవరికీ దొరకలేదట. నాకు దొరికింది: 945. లెక్క జతచేశాను. కాలేజీలో పాఠం చెప్పేదానివి, చూసి చెప్పు.
ఇట్లు, బాబాయి.
తా.క. మీ నాన్నకి చెప్పకు. ఆ మొహం నేనే చూడాలి.

పూజ్యులైన బాబాయికి,
నమస్కారాలు. కూడికలో తప్పు లేదు. కానీ 9, 21 కూడా 945ని భాగిస్తాయి. వాటిని వదిలేశారు. అవి కూడా కలిపితే 975. పరిపూర్ణానికి ముప్పై ఎక్కువ.
మీ అమ్మాయి.
తా.క. ఇంకెవరికీ చెప్పలేదు కదా?

బంగారుతల్లీ,
ముప్పై ఎక్కువా! నేను పరిపూర్ణం చాలనుకున్నాను. నా బతుకులో ఏదైనా ఎక్కువ రావడం ఇదే మొదలు. షాపు మీద అడుగెత్తు అక్షరాలతో రాశాను: "945. పరిపూర్ణానికి ముప్పై ఎక్కువ. కనిపెట్టినది ఈ షాపువాడే." పక్కషాపు టైలరు తెగ మెచ్చుకున్నాడు. ఆదివారం వస్తున్నాను.
నీ బాబాయి.
తా.క. ఎప్పటిలాగే చివరి అక్షరానికి చోటు చాలలేదు. "డే" టైలరు గోడమీద పడింది. మెచ్చుకోవడం మానేశాడు.

బాబాయికి,
ఎక్కువైతే గొప్ప కాదు. తక్కువైనా, ఎక్కువైనా పరిపూర్ణం కాదు. అలా ఎక్కువయ్యేవి కుప్పలున్నాయి, 12 కూడా అంతే. మీరు గెలవలేదు.
మీ అమ్మాయి.
తా.క. అయినా ఆదివారం రండి.

అమ్మా,
చదివి గంటసేపు నిచ్చెన మీదే కూర్చున్నాను. దిగితే టైలరుకి మొహం చూపించాలి. మీ నాన్న అన్నది నిజమే, నాకు కూడిక రాదు. అన్నయ్యని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ మాటంటే మాటే. రాను.
బాబాయి.
తా.క. బోర్డు చెరిపేశాను. "డే" మాత్రం పోవడం లేదు.

ఒరేయ్ తమ్ముడూ,
ఆ జవాబులు నేను చెబుతుంటే అమ్మాయి రాసింది. 945 చూడగానే గుర్తుపట్టాను. పదేళ్ల కిందట నేనూ దాన్నే కనిపెట్టి, స్టాఫ్‌రూములో మిఠాయిలు పంచాను. నువ్వు 9, 21 వదిలావు. నేను 3, 27 వదిలాను. అవీ ముప్పయ్యే! మర్నాడు అటెండరు ఆ తప్పు ఎత్తిచూపాడు. ఆ సాయంత్రమే నీకు కూడిక రాదన్నాను. ఆ మాట నన్ను నేను అనుకోవాల్సింది. నువ్వు తొమ్మిదిని మరిచావు, నేను మూడునే మరిచాను. గెలిచింది నువ్వే. రా.
మీ అన్నయ్య.
తా.క. మా గేటు మీద నువ్వు రాసిన "లెక్కల మాస్టారు"లో "రు" ఇంకా పక్కింటి గోడమీదే ఉంది. పదేళ్లుగా పక్కింటాయన్ని దానిమీద సున్నం వెయ్యనివ్వలేదు.